వేరికోస్ సిరలను చిన్న గాట్లతో తీయడం: నిలబెట్టి గీసే గీత నుంచి మేజోడు విప్పే రోజు దాకా

కాళ్ళ మీద నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బినవాటిని వాడుకలో నరాలు అంటాం. "నరాలు తేలాయి, తీసేయాలన్నారు" అనగానే కాలు చచ్చుబడుతుందేమోనని ఇంట్లోవాళ్ళకి దడ మొదలవుతుంది. అవి నరాలు కావు, సిరలు. పాదాల నుంచి రక్తాన్ని గుండె వైపు తిరిగి తీసుకెళ్ళే గొట్టాలు. స్పర్శనీ కదలికనీ మోసే తీగలు నరాలు. ఈ తేడా ముందే చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే ఈ ఆపరేషన్లో చెయ్యి తిరిగినతనమంతా సిరను లాగుతూ దాని పక్కనున్న నరాన్ని కదపకుండా ఉండటంలోనే ఉంది. కింద సిర అన్నచోటల్లా రక్తపు గొట్టం అనీ, నరం అన్నచోటల్లా స్పర్శ తీగ అనీ చదువుకోండి.

సిర తీసేస్తే రక్తం ఎటు పోతుందన్నది రెండో భయం. కాలి నుంచి రక్తాన్ని పైకి పంపే పనిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు కండరాల మధ్య లోతుగా ఉండే సిరలే చేస్తాయి. చర్మం కిందివి పక్కదారులు. పాడైన పక్కదారి రక్తాన్ని మోయకపోగా, పైకి వెళ్ళిన రక్తాన్ని మళ్ళీ కిందికి వదిలేస్తుంది. దాన్ని తొలగిస్తే కాలికి మోత తగ్గుతుంది. లోతు సిరలు తెరుచుకుని ఉన్నాయని ముందుగా తేల్చుకుంటే చాలు.

కనబడేది కొమ్మ, కారేది కాండం

సిరల లోపల పైకి మాత్రమే తెరుచుకునే కవాటాలు వరసగా ఉంటాయి. పిక్క కండరం నొక్కినప్పుడు రక్తం పైకి పోతుంది, వదిలినప్పుడు కవాటం మూసుకుని దాన్ని ఆపుతుంది. ఒక కవాటం వదులైతే దాని పైనున్న రక్తస్తంభం బరువంతా కింది కవాటం మీద పడుతుంది. అది సాగుతుంది, ఆ తర్వాత దాని కిందిది. తొడ లోపలి పక్కగా గజ్జ దాకా పోయే గ్రేట్ సఫీనస్ సిర, పిక్క వెనక నుంచి మోకాలి మడత దాకా పోయే స్మాల్ సఫీనస్ సిర, ఈ రెండూ కాండాలు. ఎక్కువ మందిలో కారడం, అంటే రక్తం వెనక్కి కిందికి జారడం, మొదలయ్యేది గ్రేట్ సఫీనస్‌లోనే. అద్దంలో మీకు కనబడే మెలికలు సాధారణంగా దాని కొమ్మలు. కాండం చర్మానికి కాస్త లోతులో, గట్టి పొరల మధ్య ఇమిడి ఉంటుంది కాబట్టి ఎంత పాడైనా బయటికి ఉబ్బకపోవచ్చు.

అందుకే కంటికి కనిపించినదాన్ని మాత్రమే పీకేస్తే కాలు కొన్నాళ్ళు బాగుంటుంది, తర్వాత పక్క కొమ్మ ఉబ్బుతుంది. కాలువకి గండి పడ్డచోట కట్ట వేయకుండా పొలంలో నీళ్ళు తోడినట్టే. మా దృష్టిలో ఈ వైద్యంలో అన్నిటికన్నా ముఖ్యమైన పనిముట్టు కొమ్మల్ని బయటికి లాగే కొక్కెమూ, కాండాన్ని వేడితో మూసే లేజరూ కాదు, రక్తం ఎటు పారుతోందో అల్ట్రాసౌండ్‌తో చూపే డాప్లర్ స్కాన్, అదీ నిలబెట్టి చేసేది.

నిలబెట్టి అన్నమాటని గట్టిగా పట్టుకోండి. పడుకుంటే సిరల్లో ఒత్తిడి తగ్గి కారడం చాలావరకు దాక్కుంటుంది. సరిగా చేసే స్కాన్‌లో మీ బరువు రెండో కాలి మీద మోపి, చూసే కాలిని కాస్త వదులుగా, మోకాలు కొంచెం వంచి నిలబెడతారు. పిక్కను చేత్తోనో, గాలి పట్టీతోనో నొక్కి వదులుతారు. వదిలాక చర్మం కింది సిరలో రక్తం వెనక్కి 0.5 సెకను కంటే ఎక్కువసేపు పారితే అది రోగం. తొడ, మోకాలి వెనక లోతు సిరల్లో ఆ హద్దు 1 సెకను. రిపోర్టులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: ఏ సిర కారుతోంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది, దాని వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు, చర్మం నుంచి ఎంత లోతు, లోతు సిరల్లో గడ్డ ఉందా, లోతు సిరలకీ పై సిరలకీ కలిపే అడ్డ సిరలు పాడయ్యాయా. "రెండు కాళ్ళలో వేరికోస్ ఉంది" అన్న ఒక్క వాక్యంతో వచ్చిన రిపోర్టు ఆపరేషన్‌కి పనికిరాదు. మళ్ళీ చేయించమని మొహమాటం లేకుండా అడగండి.

ఎవరికి చేయాలి, ఎవరికి ఆగాలి

నిలబడ్డప్పుడు వ్యాసం 3 మి.మీ. దాటిన మెలికల సిరనే వేరికోస్ అంటారు. 1 నుంచి 3 మి.మీ. నీలి గీతలకీ, 1 మి.మీ. లోపు ఎర్రటి సాలెగూడు గీతలకీ కొక్కెం అవసరం రాదు, సన్న సూదితో మందు ఎక్కించడం సరిపోతుంది. సాయంత్రానికి కాలు బరువెక్కడం, రాత్రి పిక్క పట్టేయడం, చీలమండ వాపు, దురద, ఉబ్బిన సిర గడ్డకట్టి నొప్పెట్టడం, ఉబ్బిన చోట నుంచి రక్తం కారడం, వీటిలో ఏదున్నా చికిత్సకి కారణమే. చీలమండ పైన చర్మం గోధుమ రంగుకి తిరిగినా, చెక్కలా గట్టిపడినా ఇక వాయిదా వేయకండి, తర్వాత వచ్చేది పుండు. పుండు పడ్డాక కూడా ఆలస్యం మంచిది కాదు. బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన ఎవ్రా పరిశోధనలో, కట్టుతో పాటు సిరను త్వరగా మూసినవారికి పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది, మూయడం వాయిదా వేసినవారికి 82 రోజులు.

ఆగాల్సిన సందర్భాలు స్పష్టంగా ఉన్నాయి. లోతు సిరలో కొత్త గడ్డ ఉంటే చేయరు. పాత గడ్డ వల్ల లోతు సిర మూసుకుపోయి, రక్తం పై సిరల గుండానే పోతుంటే వాటిని తీయడం ప్రమాదం. గర్భిణులకు చేయరు, ప్రసవమయ్యాక కొన్ని నెలలు ఆగితే ఉబ్బిన సిరలు కొంత వాటంతటవే తగ్గుతాయి కూడా. కాలి ధమనుల్లో రక్తం సరిగా అందనివారికి గట్టి కట్టు వేస్తే పాదం చచ్చిపోవచ్చు. అందుకే పాదంలో నాడి అందకపోతే, మధుమేహం, పొగతాగే అలవాటు ఉంటే చీలమండ దగ్గర, చేతి దగ్గర రక్తపోటు కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి చూడాలి. 0.9 కంటే తక్కువొస్తే ముందు ధమనుల సంగతి తేల్చుకోవాలి. చర్మం మీద ఇన్ఫెక్షన్ ఉన్నా, మనిషి లేచి నడవలేని స్థితిలో ఉన్నా వాయిదా వేయాలి, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత గడ్డ కట్టకుండా కాపాడేది ఆ నడకే.

రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే సొంతంగా మానేయకండి. వేడితో కాండం మూయడానికి చాలాసార్లు వాటిని ఆపక్కర్లేదు. కొక్కెంతో కొమ్మలు తీసేటప్పుడు కమలడం ఎక్కువవుతుంది కాబట్టి డాక్టరు లెక్క వేసి చెబుతారు. గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ మాత్రలు, ఇంట్లో ఎవరికైనా కాలిలోనో ఊపిరితిత్తిలోనో గడ్డకట్టిన చరిత్ర, ఇవి అడగకపోయినా మీరే చెప్పండి. రిస్క్ ఎక్కువగా ఉంటే కొన్ని రోజులు రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ సూదులు ఇస్తారు.

ఆ రోజు పొద్దున్న

మత్తు కాలికి మాత్రమే కాబట్టి చాలాచోట్ల తేలికపాటి టిఫిన్ తిననిస్తారు. నిద్రమందు కూడా ఇస్తామంటే ఉపవాసం నియమం వేరు, ముందే కనుక్కోండి. కాలికి నూనె గానీ క్రీము గానీ రాయకండి, రాస్తే మార్కర్ గీతలు నిలవవు. వెంట్రుకలు తీయాలనుకుంటే క్లిప్పర్ వాడండి. బ్లేడుతో గీకితే పడే సన్న గాట్లలో క్రిములు చేరతాయి. వదులు బట్టలు వేసుకోండి, కట్టు కట్టిన పాదం పట్టే చెప్పులు తెచ్చుకోండి.

ఇక గీతలు గీయడం. అయిదు పది నిమిషాలు నిలబెట్టి, సిరలు నిండాక, చెరగని మార్కర్‌తో ప్రతి కొమ్మనీ గీస్తారు. ఇక్కడ ఒక చిన్న మెళకువ ఉంది. సిర మీదే గీత గీస్తే, తర్వాత ఆ గీత మీద గాటు పెట్టినప్పుడు సిరా చర్మంలోకి పోయి పచ్చబొట్టులా మిగిలిపోతుంది. అందుకని సిరకి రెండు పక్కలా రెండు గీతలు గీసి, గాటు మధ్య ఖాళీలో పెడతారు. అడ్డ సిర పైకి వచ్చేచోట గుర్తు వేరేగా పెడతారు. ఆ తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, అల్ట్రాసౌండ్‌తోనో, చర్మం మీద లైటు ఆనించి చూసో గీతలు సరిచూస్తారు. పడుకుంటే చర్మం జారి, సిర గీత నుంచి పక్కకి జరుగుతుంది. ఈ రెండో చూపు లేకపోతే గాటు పెట్టినచోట సిర దొరకదు, కొక్కెంతో వెతుకులాట మొదలవుతుంది, ఆ వెతుకులాటలోనే నరాలు దెబ్బతింటాయి. గీతలు గీసేటప్పుడు మీరూ చూడండి. మీకు ఇబ్బంది పెట్టే సిర గీతల్లో లేకపోతే అప్పుడే చెప్పండి, పడుకున్నాక చెప్పినా అది కనబడదు.

కాండాన్ని లోపలి నుంచి మూయడం

పూర్వం గజ్జలో కోసి, తీగ దూర్చి, కాండాన్ని మొత్తం పీకేసేవారు. ఇప్పుడు ఎక్కువమందికి దాన్ని ఉన్నచోటే వేడితో మూసేస్తారు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2013లోనే వేడిని మొదటి వరసలో పెట్టింది, అది కుదరకపోతే నురగ మందు, అదీ కుదరకపోతే కోత ఆపరేషన్ అంది.

బల్లను తలవైపు ఎత్తుగా వంచితే సిర నిండుతుంది. కారడం ఆగిన చోట, సాధారణంగా మోకాలి దగ్గర, అల్ట్రాసౌండ్ చూస్తూ 21 గేజి సూదితో సిరలోకి వెళ్ళి, సన్న తీగ, దాని మీదుగా గొట్టం పంపుతారు. గది చల్లగా ఉన్నా, మనిషి బెదిరినా సిర ముడుచుకుపోతుంది, రెండో గుచ్చుకి అసలు దొరకదు. అందుకే గది వెచ్చగా ఉంచడం, మొదటి గుచ్చుకే సరిగా వెళ్ళడం ముఖ్యం. మోకాలి కింద సఫీనస్ నరం సిరను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి మరీ కిందనుంచి వేడి పెట్టడానికి వెనకాడతారు. పిక్క వెనక సిరకి సూరల్ నరంతో ఇదే చిక్కు.

లోపలికి పంపిన వేడి గొట్టం (కెథీటర్) మొనను గజ్జలో కాండం లోతు సిరతో కలిసే చోటుకి కనీసం 2 సెం.మీ. ఇవతల ఆపుతారు. మొత్తం పనిలో మళ్ళీ మళ్ళీ కొలవాల్సిన అంకె ఇదే. దగ్గరైతే వేడికి పుట్టిన గడ్డ లోతు సిరలోకి పొడుచుకొస్తుంది. మరీ దూరమైతే పైన మిగిలిన మొండి ముక్క నుంచి మళ్ళీ కొమ్మలు ఉబ్బుతాయి. మత్తు నీరు ఎక్కించాక మొన కదిలే వీలుంది, అందుకని వేడి పెట్టే ముందు ఇంకోసారి కొలుస్తారు.

ఆ మత్తు నీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫలితం సగం దాని మీదే నిలుస్తుంది. ట్యూమసెంట్ మత్తు అంటారు. వాడుకలో ఉన్న ఒక పాళ్ళ లెక్క ఇది: 450 మి.లీ. సెలైన్‌లో, రక్తనాళాలను ముడిచే అడ్రినలిన్ లక్షలో ఒక వంతు కలిసి ఉన్న 1 శాతం లిడోకెయిన్ (తిమ్మిరి మందు) 50 మి.లీ., మంట తగ్గడానికి 8.4 శాతం సోడియం బైకార్బొనేట్ 10 మి.లీ. అంటే లిడోకెయిన్ దాదాపు 0.1 శాతం, అడ్రినలిన్ సుమారు పది లక్షల్లో ఒక వంతు. లిడోకెయిన్ సీసాలు 2 శాతంలోనూ వస్తాయి. కలిపేవారు సీసా మీద అంకె చూడకుండా అదే 50 మి.లీ. పోస్తే మందు రెట్టింపు అవుతుంది. ఇద్దరు చదివి, పైకి చెప్పుకుని కలపాలి. ఇలా పలచన చేసి కొవ్వు పొరలో ఎక్కించినప్పుడు కిలో బరువుకి 35 మి.గ్రా. దాకా అన్నది 1990లో చర్మవైద్యుడు క్లైన్ కొవ్వు తీసే ఆపరేషన్ల కోసం చెప్పిన పైహద్దు. సిరల పనికి అంత దూరం పోవాల్సిన అవసరం రాదు. 60 కిలోల మనిషికి ఈ మిశ్రమం 500 మి.లీ. ఎక్కిస్తే పడేది 500 మి.గ్రా., అంటే కిలోకి ఎనిమిదిన్నర కూడా లేదు. రెండు కాళ్ళూ ఒకేసారి చేస్తున్నా, కాలేయ జబ్బు ఉన్నా లెక్క బిగించాలి. పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నాలుక మీద లోహపు రుచి అనిపిస్తే వెంటనే చెప్పండి, అవి మందు ఎక్కువైన తొలి గుర్తులు.

ఈ నీటిని సిర చుట్టూ, అది ఇమిడి ఉన్న పొరల లోపలే ఎక్కిస్తారు. అల్ట్రాసౌండ్‌లో సిర చుట్టూ నల్లటి వలయం కనబడాలి. తొడలో సెంటీమీటరుకి సుమారు 10 మి.లీ. చొప్పున 300 నుంచి 400 మి.లీ. పడుతుంది. నొప్పి తీయడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. సిరను బయటి నుంచి నొక్కి లోపలి రక్తాన్ని ఖాళీ చేస్తుంది, వేడి గోడకి నేరుగా తగిలేలా చేస్తుంది, నరాన్నీ చర్మాన్నీ దూరంగా నెడుతుంది. సిర నుంచి చర్మానికి కనీసం 1 సెం.మీ. ఎడం రావాలి, లేకపోతే చర్మం కాలుతుంది. సన్నగా ఉన్నవారిలో ఈ ఎడం తెప్పించడానికే ఎక్కువ ఓపిక కావాలి. ఆపరేషన్ మొత్తంలో మీకు బాగా తెలిసే నొప్పి ఈ సూదిపోట్లదే. పొర సరిగా దొరికితే నీరు దానంతటదే పైకి పాకుతుంది, గుచ్చులు తగ్గుతాయి.

ఆ తర్వాత బల్ల తలవైపు వాలుస్తారు, సిర ఖాళీ అవుతుంది. రేడియోఫ్రీక్వెన్సీ (రేడియో తరంగాల కరెంటుతో వేడెక్కే) కెథీటర్ అయితే చివర 7 సెం.మీ. వేడి భాగం 120 డిగ్రీల దగ్గర 20 సెకన్లు నిలుస్తుంది. ఒక్కో విడతకి 6.5 సెం.మీ. వెనక్కి లాగుతారు, అంటే అర సెంటీమీటరు ఒకదాని మీద ఒకటి పడుతుంది. గజ్జ దగ్గరి మొదటి ముక్కకి రెండుసార్లు ఇస్తారు. 40 సెం.మీ. తొడ సిరకి అసలు వేడి సమయం మూడు నిమిషాలు కూడా ఉండదు. తొలి కొన్ని సెకన్లు గడిచినా యంత్రం మీద వాట్లు దిగకుండా ఎక్కువగానే నిలిస్తే లోపల రక్తం ఇంకా పారుతోందని అర్థం. చర్మం మీద ఆనించిన అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో మరింత నొక్కి, అవసరమైతే ఇంకాస్త మత్తు నీరు ఎక్కించి ఆ ముక్కకి మళ్ళీ ఇవ్వాలి.

లేజర్‌లో లెక్క సెంటీమీటరుకి ఎన్ని జూళ్ళ శక్తి అన్నది. కాంతిని చుట్టూ చిమ్మే 1470 నానోమీటర్ల ఫైబర్‌తో 7 వాట్ల దగ్గర సెంటీమీటరుకి 10 సెకన్లు లాగితే 70 జూళ్ళు పడతాయి. త్వరగా లాగితే సిర కొన్ని నెలల్లో మళ్ళీ తెరుచుకుంటుంది, మరీ నెమ్మదిగా లాగితే గోడ చిల్లుపడి నొప్పి, కమలడం పెరుగుతాయి. కాంతిని మొన నుంచి ముందుకే చిమ్మే పాత 810, 980 నానోమీటర్ల ఫైబర్లతో కమలడం ఎక్కువ. గదిలో ఉన్న అందరికీ, మీకూ, ఆ తరంగానికి సరిపోయే కళ్ళద్దాలు తప్పనిసరి. లేజరా, రేడియోఫ్రీక్వెన్సీయా అని వారాల తరబడి ఆలోచించనక్కర్లేదు. రెండూ సిరను మూయడంలో దగ్గరదగ్గరగానే ఉంటాయి, చేసేవారికి ఏది అలవాటో అదే మంచిది.

జిగురుతో మూసే పద్ధతికి మత్తు నీరు అక్కర్లేదు. కానీ ఆ జిగురు, సైనోఅక్రిలేట్, ఒంట్లో ఉండిపోతుంది, కొందరికి ఆ సిర వెంట ఎర్రబడి దురద పెట్టే అలర్జీ వస్తుంది. గోళ్ళ, కనురెప్పల జిగుర్లకి ఇంతకుముందు అలర్జీ వచ్చి ఉంటే చెప్పండి. నురగ మందులో ఒక పాలు ద్రవానికి నాలుగు పాళ్ళు గాలి కలిపి చిలుకుతారు. మెలికలు తిరిగి కెథీటర్ పోలేని సిరలకి అది బాగా పనికొస్తుంది, తిరిగి తెరుచుకోవడం మాత్రం వేడి కన్నా ఎక్కువ.

కొక్కెంతో కొమ్మలు తీయడం

నేడు వాడే పద్ధతికి రూపం ఇచ్చింది స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ చర్మవైద్యుడు రాబర్ట్ ముల్లర్, 1950ల్లో. ఇవాళ వాడే సన్న కొక్కేలు ఆయన పేరుతోనూ, తర్వాత వాటిని మార్చిన ఓష్, వరాడీ, రామెలెట్ పేర్లతోనూ ఉన్నాయి. పనిముట్లు కొంచెమే: 11వ నంబరు బ్లేడు లేదా 18 గేజి సూది, ఒక కొక్కెం, నాలుగైదు మస్కిటో ఫోర్సెప్స్ (సన్న మొన పట్టుకార్లు).

గీత పొడవునా చర్మం కింద అదే మత్తు నీరు ఎక్కిస్తారు. అందులోని అడ్రినలిన్ పనిచేసి చర్మం తెల్లబడే దాకా, పది నిమిషాల పైన ఆగితే రక్తం బాగా తగ్గుతుంది. తొందరపడి వెంటనే మొదలెడితే ఆ పొదుపు చేసిన నిమిషాలకి రెట్టింపు సమయం రక్తం అదమడంలో పోతుంది. గాటు 1 నుంచి 3 మి.మీ. తొడ, పిక్కల మీద నిలువుగా, మోకాలు, చీలమండ దగ్గర చర్మపు ముడతల వెంట పెడతారు. గాట్ల మధ్య దూరం సిర ఎంత తేలిగ్గా వస్తే అంత, సాధారణంగా 2 నుంచి 5 సెం.మీ. గట్టిగా అతుక్కున్న సిరకి దగ్గర దగ్గరగా, వదులుగా ఉన్నదానికి దూరంగా.

కొక్కెం మొనను చర్మానికి సమాంతరంగా దూర్చి, సిర అంచుని గీకుతున్నట్టు విడదీసి, దాని బయటి పొరను పట్టి పైకి లాగుతారు. బయటికి వచ్చిన ఉచ్చుని రెండు ఫోర్సెప్స్‌తో పట్టి మధ్యలో కత్తిరిస్తారు. ఒక్కో కొసనీ చిన్న చిన్న వృత్తాలుగా తిప్పుతూ, రెండో చేత్తో చర్మాన్ని అదిమిపట్టి లాగుతారు. సూటిగా గుంజితే తెగిపోతుంది. సిర సాగుతూ వస్తూ ఇక రాకపోతే తర్వాతి గాటు ఎక్కడ పెట్టాలో చర్మం మీద పడే సొట్టే చూపిస్తుంది. తెగిన కొసలకి ముడులు వేయరు, వేలితో అయిదు నిమిషాలు అదిమితే ఆగుతాయి. పెద్ద అడ్డ సిర కొస మాత్రం ఎక్కువసేపు అదమాలి.

బయటికి వచ్చింది సిరేనా? నీలి బూడిద రంగులో, రబ్బరులా సాగితే సిర. తెల్లగా మెరుస్తూ, సాగకుండా బిగువుగా ఉంటే నరం అనుకుని వదిలేయాలి. దాన్ని తాకగానే మీకు పాదం దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. మెలకువగా ఉండి చేయించుకోవడం వల్ల పెద్ద లాభం ఇదే. ఓర్చుకుంటూ ఊరుకోకండి, ఆ క్షణమే చెప్పండి.

కొన్నిచోట్ల చేయి తగ్గించాలి. మోకాలి బయటి పక్క, కింద ఉండే ఎముక గుబ్బ చుట్టూ కామన్ పెరోనియల్ నరం చర్మానికి బాగా దగ్గరగా తిరుగుతుంది. అది దెబ్బతింటే పాదం పైకి ఎత్తలేరు. మోకాలి మడతలో, చీలమండ దగ్గర, పాదం పైన నరాలూ, ఒంటి నీటిని మోసే లింఫ్ నాళాలూ కిక్కిరిసి ఉంటాయి. లింఫ్ నాళం తెగితే గాటు కింద నీటి బుడగ కట్టి వారాల తరబడి ఉంటుంది. అందం కోసం పాదం మీది సిరలన్నీ తీయమని అడిగేవారికి మేం చెప్పేది, అక్కడ ఇబ్బంది పెట్టేవాటిని మాత్రమే తీయించుకోమని.

కాండం మూసిన రోజే కొమ్మలూ తీయాలా, కొన్ని నెలలు ఆగాలా అన్నదాని మీద రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. ఆగితే కొన్ని కొమ్మలు వాటంతటవే కుంచించుకుపోతాయి. కానీ పెద్ద, గుత్తులుగా ఉన్న కొమ్మలు అంతగా తగ్గవు, మనిషి రెండోసారి బల్లెక్కాల్సి వస్తుంది. పెద్దవి ఉంటే ఒకే రోజు చేసేయడం, చిన్నవి మాత్రమే ఉంటే ఆగి చూడటం మాకు సబబుగా అనిపిస్తుంది.

కట్టు, నడక, మొదటి రెండు వారాలు

గాట్లకి కుట్లు ఉండవు. పేపర్ ప్లాస్టర్ ముక్కలు వేస్తారు. వాటిని సాగదీసి అంటిస్తే కాలు వాచినప్పుడు చర్మం లాగుకుపోయి బొబ్బలు వస్తాయి, వదులుగా అంటించాలి. సిర తీసిన దారి వెంట దూది, పలుచని గుడ్డ (గాజ్) చుట్టలు పెట్టి కాలివేళ్ళ మొదలు నుంచి గజ్జ దాకా కట్టు కడతారు. కట్టు కింద బిగువు ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. తొడ దగ్గర కట్టు జారి తాడులా చుట్టుకుంటే ఊరికే వదలకండి, అది కింద రక్తాన్ని బంధిస్తుంది. విప్పి మళ్ళీ కట్టించుకోండి.

బల్ల దిగగానే 20 నుంచి 30 నిమిషాలు నడవాలి. ఇంటికెళ్ళాక మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి అయిదు నిమిషాలు నడవండి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టండి. కదలకుండా నిలబడటం అన్నిటికన్నా చెడ్డది. మొదటి రాత్రి కట్టు గులాబీ రంగు నీళ్ళతో తడుస్తుంది. అది ఎక్కించిన మత్తు నీరు, కొంచెం రక్తంతో కలిసి బయటికొస్తోంది. మంచం మీద పాత దుప్పటి పరుచుకోండి. ఎర్రటి రక్తం ధారగా వస్తే మాత్రం పడుకుని, కాలు ఎత్తి, ఆ చోట పది నిమిషాలు ఆపకుండా అదమండి. మధ్య మధ్యలో తీసి చూడకండి.

24 నుంచి 48 గంటల తర్వాత కట్టు తీసి, 20 నుంచి 30 మి.మీ. పాదరసం ఒత్తిడి ఉన్న తొడ మేజోడు వేసుకోవాలి. కొమ్మలు తీసినవారికి ఒకటి నుంచి రెండు వారాలు పగటిపూట. కాండం మాత్రమే మూసుకున్నవారికి అంతకాలం వేసుకున్నందువల్ల ఒరిగేది తక్కువ. మేజోడు పొద్దున్నే, మంచం దిగకముందే తొడుక్కోవాలి, అప్పుడు వాపు ఉండదు. లోపలి వైపుకి మడమ దాకా తిప్పి, ముందు పాదం దూర్చి, తర్వాత పైకి కొంచెం కొంచెంగా ఎక్కించండి. పైఅంచు పట్టి లాగితే చిరుగుతుంది. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే సగం కష్టం పోతుంది.

నొప్పికి పారాసెటమాల్, కడుపుకీ కిడ్నీలకీ ఇబ్బంది లేనివారికి ఇబుప్రోఫెన్ సరిపోతుంది. రెండు మూడు రోజుల్లో కూర్చుని చేసే పనులకి వెళ్ళొచ్చు. బరువులెత్తడం, ఈత, వేడినీళ్ళ తొట్టి స్నానం రెండు వారాలు వద్దు. కారు నడపడానికి, గట్టిగా బ్రేకు తొక్కినా నొప్పి తెలియని రోజు దాకా ఆగండి. గంటల తరబడి విమాన ప్రయాణం ఉంటే డాక్టరుకి ముందే చెప్పి తారీఖులు సరిచూసుకోండి, చాలామంది కొన్ని వారాలు వాయిదా వేయమంటారు.

ఏది మామూలు, ఏది కాదు

తొడ లోపలి పక్క, అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య, చర్మం కింద తాడు బిగిసినట్టు లాగుతుంది. మూసుకున్న సిర ముడుచుకుంటోంది. కాలు చాపితే ఎక్కువ తెలుస్తుంది, నడకతో, మాత్రతో తగ్గుతుంది. ఊదా, పసుపు కమిలిన మచ్చలు రెండు మూడు వారాలుంటాయి. గాట్ల దగ్గర గోలీల్లా గడ్డలు తగిలితే తెగిన సిరలో చిక్కిన రక్తం. బాగా నొప్పిగా ఉంటే సూదితో తోడేస్తారు, లేకపోతే అదే కరుగుతుంది. చర్మం మీద చిన్న చిన్న తిమ్మిరి ముక్కలు వస్తే ఎక్కువగా కొన్ని నెలల్లో తగ్గుతాయి. గోధుమ మచ్చలు తగ్గడానికి ఏడాది దాకా పట్టొచ్చు, ఈలోగా కాలుకి ఎండ తగలనివ్వకండి. కొందరికి తీసినచోట సన్నని ఎర్ర గీతల గుంపు పుడుతుంది. అది తరచూ తనంతట తనే వెలిసిపోతుంది కాబట్టి, సూది మందు కోసం తొందరపడకుండా కొన్ని నెలలు చూడండి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి వేరు. పిక్క ఉబ్బి గట్టిపడటం, కాలు మొత్తం వాచడం, ఊపిరి ఆడకపోవడం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం: ఇవి లోతు సిరలో గడ్డకి, అది ఊపిరితిత్తికి చేరిందనడానికి గుర్తులు. మత్తు దిగిపోయాక కూడా పాదం పైకి లేవకపోవడం. రోజురోజుకీ ఎక్కువయ్యే ఎరుపు, జ్వరం. కాలివేళ్ళు చల్లబడి, నీలంగా మారి, తిమ్మిరెక్కితే ముందు కట్టు విప్పేసి ఆ తర్వాత ఫోన్ చేయండి.

చాలాచోట్ల వారంలోపు ఒక స్కాన్ చేస్తారు. గడ్డకట్టే రిస్క్ ఉన్నవారు, కాలు వాచినవారు దాన్ని తప్పించుకోకూడదు. చూసేది గజ్జ దగ్గర కాండం లోతు సిరతో కలిసే కూడలి. గడ్డ కూడలి దాకానే ఆగితే మందేమీ అక్కర్లేదు. లోతు సిరలోకి పొడుచుకొచ్చినా అందులో సగం కంటే తక్కువే నింపితే సాధారణంగా వారం వారం స్కాన్ చేస్తూ చూస్తారు, కొందరికి మందిస్తారు. సగం దాటితే రక్తం పలచబరిచే మందు ఇస్తారు, అది వెనక్కి జరిగేదాకా. పూర్తిగా మూసుకుంటే లోతు సిర గడ్డకి చేసే వైద్యమే.

కొన్నేళ్ళకి కొత్త సిరలు ఉబ్బితే ఆపరేషన్ చెడిపోయిందని వెంటనే అనుకోనక్కర్లేదు. కారణాలు ముఖ్యంగా ఇవి: మూసిన కాండం తిరిగి తెరుచుకోవడం, మొదటిసారి స్కాన్‌లో దొరకని కారే చోటు, అప్పుడు బాగానే ఉండి తర్వాత పాడైన ఇంకో కాండం, కొత్తగా పాడైన అడ్డ సిర. ఏదన్నది తేలేదాకా ఎవరూ కొక్కెం పట్టుకోకూడదు. అందుకే మొదటి స్కాన్ రిపోర్టు, గీతలు గీసిన కాలి ఫోటో, ఏ సిరను ఎంత పొడవు ఏ పద్ధతితో మూశారో రాసిన డిశ్చార్జి కాగితం, ఈ మూడూ దాచుకోండి. కొత్త స్కాన్‌కి వెళ్ళినప్పుడు వాటిని చేతికివ్వండి, ఈసారీ నిలబెట్టే చూడమనండి.